ఫ్లోరెన్స్‌కి తొమ్మిది నెలల పాపతో: స్ట్రాలర్ పనికొస్తుందా?

ప్రశ్న:
అక్టోబర్‌లో నాలుగు రోజులు ఫ్లోరెన్స్‌లో ఉంటాం. పాపకి అప్పటికి తొమ్మిది నెలలు నిండుతాయి. ఊరంతా రాళ్లు పరిచిన వీధులేనట, స్ట్రాలర్ తీసుకెళ్తే దాన్నే మోసుకు తిరగాలట. అలా అని పాపని రోజంతా క్యారియర్‌లో కట్టుకుని తిరగడం నా నడుము వల్ల కాదు. పైగా మావారికి అక్కడి పెద్ద చర్చి డ్వోమో గోపురం ఎక్కాలని కోరిక. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు 1:
తీసుకెళ్లండి. కాకపోతే ఒంటి చేత్తో మడిచేలాంటిది తీసుకెళ్లండి. మేం పోయిన ఏడాది మా వాడితో వెళ్లాం, వాడికప్పుడు ఎనిమిది నెలలు. అక్కడ పరిచినవి గులకరాళ్లు కావు, పెద్ద పెద్ద బండలు. బండకీ బండకీ మధ్య సందులో ముందు చక్రం దిగి టక్కున ఆగిపోతుంది. ముందు చక్రాలు కొంచెం పైకెత్తి తోయడం రెండో రోజుకి అలవాటైపోయింది. ఆ కుదుపుకి మా వాడు హాయిగా నిద్రపోయేవాడు, ఇంటికొచ్చాక నున్నటి రోడ్డు మీద నిద్రపుచ్చలేక చచ్చాం.

డ్వోమో నుంచి పియాజ్జా దెల్లా సిన్యోరియా దాకా వయా దెయ్ కాల్జాయువోలి మీద నడిచే జనమే కాబట్టి దిగుల్లేదు. నది దాటి ఒల్త్రార్నో సందుల్లోకి వెళ్తే ఫుట్‌పాత్ మన స్ట్రాలరంత కూడా ఉండదు. బోబోలీ తోట పేరుకే తోట, అంతా కంకర, ఎత్తుపల్లాలు. అక్కడ క్యారియరే.

గోపురానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, పైకి వెళ్లేకొద్దీ దారి ఇరుకు. పాపతో ఆ ఆలోచనే పెట్టుకోకండి. టికెట్‌కి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి కాబట్టి ఇద్దరికీ వేరువేరు టైములు తీసుకోండి. నేనెక్కాను. మా ఆవిడ వంతు వచ్చేసరికి వాడు ఏడుపు, తను వెళ్లనేలేదు. ఇప్పటికీ దెప్పుతుంది.

ఉఫీజీ చిత్రకళా మ్యూజియంలో లిఫ్ట్ ఉంది, సోమవారం సెలవు. కానీ నన్నడిగితే దానికన్నా ముందు ఓస్పెదాలే దెల్యీ ఇన్నొచెంతి చూడండి. ఆ గోపురం కట్టిన బ్రూనెల్లెస్కీయే కట్టడం మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం అది, 1445లో మొదటి పాపని తీసుకున్నారు. బయట కమానుల మీద నీలం నేపథ్యంలో గుడ్డలు చుట్టిన పసిపిల్లల బొమ్మలు. లోపల మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు, లాగితే సగానికి విరిచిన నాణెం, పూసలాంటివి. బిడ్డని వదిలివెళ్లేటప్పుడు, ఎప్పటికైనా వస్తే గుర్తుపట్టడానికి పెట్టిన ఆనవాళ్లు. వాణ్ణి ఎత్తుకుని మా ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడిపోయింది.

జవాబు 2:
నేనైతే క్యారియరే అంటాను. స్ట్రాలర్ రెండు రోజులు హోటల్ గదిలోనే పడుంది. దగ్గర్లోని సియెనా ఊరు కూడా వెళ్తే మాత్రం రైల్లో కాకుండా బస్సులో వెళ్లండి. రైల్వే స్టేషన్ కొండ కింద ఉంటుంది, బస్సు పాత ఊరి దగ్గరే దింపుతుంది.

జవాబు 1:
మీ పిల్ల తేలికేమోనండీ! మా వాడు పది కిలోలు. ఇంకొకటి మర్చిపోయాను. మేం తీసుకున్న ఫ్లాట్‌కి లిఫ్ట్ ఉందన్నారు, నిజంగానే ఉంది. మనిషి నిలబడితే స్ట్రాలర్ పట్టదు, స్ట్రాలర్ పెడితే మనిషి పట్టడు. నేను మెట్లెక్కి పైన ఎదురుచూసేవాణ్ణి, స్ట్రాలర్ ఒక్కటే దర్జాగా లిఫ్టులో వచ్చేది. పాత బిల్డింగ్ అయితే కొలత అడగండి. డైపర్లు మోసుకెళ్లక్కర్లేదు, ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా 'పన్నొలీనీ' అంటే చూపిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. లిఫ్ట్ తలుపు ఎంత వెడల్పో చెప్పమని ఫ్లాట్ వాళ్లకి మెసేజ్ పెట్టాను. మూడుసార్లు అడిగినా 'లిఫ్ట్ ఉంది' అనే అంటున్నారు.