టైమర్ పెట్టినా యూట్యూబ్ మళ్లీ తెరుచుకుంటోంది, అల్లిక సాగడం లేదు

నరసాపురం లేసు:
నమస్కారమండి. సాయంత్రం నుంచి ఈ ఫోనుతో కుస్తీ పడుతున్నాను. ఇక ఓపిక లేక ఇక్కడ అడుగుతున్నాను. యూట్యూబ్‌కి రోజుకి అరగంట అని టైమర్ పెట్టుకున్నాను. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది కదా, అందులో. మా అక్క కొడుకు చూపించాడు. అరగంట అవ్వగానే ఆగుతుంది, దాని బొమ్మ బూడిద రంగులోకి మారిపోతుంది. అంతవరకు బాగానే ఉంది. కాసేపాగి చూస్తే మళ్లీ మామూలుగా తెరుచుకుంటోంది! నేనేమీ ముట్టుకోలేదు. టైమర్ తీసేసి మళ్లీ పెట్టాను, ఫోను ఆపి వేశాను, అప్‌డేట్ కూడా చేశాను. వారం నుంచి ఇదే వరస. శనివారానికి లేసు టేబుల్ క్లాత్ ఇవ్వాలి, ఇంకా ఇరవై పువ్వులు అల్లాలి. ఇదివరకు కూర్చుంటే లేచేలోపు నాలుగు పువ్వులు అయ్యేవి. ఇప్పుడు ఒకటి పూర్తయితే గొప్ప. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఏడుపొచ్చేస్తోంది.

ఒక్కమాట:
యాప్ తీసేయండి.

నరసాపురం లేసు:
తీసేయడం కుదరదండి. కొత్త డిజైన్లు అందులోనే చూసి అల్లుతాను.

పాలకొల్లు మొబైల్స్:
అక్కా, ఏ ఫోను? ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత? ఆ ఫోను ఇంట్లో ఇంకెవరైనా వాడతారా? పిల్లలుంటే వాళ్లే టైమర్ తీసేస్తారు. మా షాపుకి వచ్చే కేసుల్లో చాలావరకు అదే.

నరసాపురం లేసు:
నా ఫోను నేనే వాడతానండి. బాబు హాస్టల్లో ఉన్నాడు. వెర్షన్ అంటే ఎక్కడ చూడాలి?

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఒక మాట చెబుతాను. ఫోనుకి తాళం వేయడం కంటే మనసుకి మరో పని చూపించడం ముఖ్యం. మా చిన్నప్పుడు సాయంత్రమైతే గౌతమీ గ్రంథాలయానికి నడిచి వెళ్లేవాళ్లం. నూరేళ్లు దాటిన గ్రంథాలయం అది. అక్కడ గంటసేపు కూర్చుంటే తలెత్తబుద్ధి అయ్యేది కాదు. ఇప్పటికీ వెళుతూనే ఉన్నాను. పాత పత్రికలు తిరగేసే కుర్రాళ్లు తగ్గిపోయారు, పరీక్షలకి చదివేవాళ్లే ఎక్కువ. ప్రతి ఊళ్లోనూ శాఖా గ్రంథాలయం ఉండేది, సాయంత్రం తలుపు తీసేవారు. మీ ఊళ్లో ఉందో లేదో కనుక్కోండి. రోజూ పది పేజీలు చదివితే ఈ ఫోను వ్యసనం దానంతట అదే పోతుంది.

నరసాపురం లేసు:
మాస్టారూ, నమస్కారం. చదవడం నాకూ ఇష్టమేనండి. అల్లేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, అందుకే వింటూ అల్లుతాను. వినడంతో పోతే ఫర్వాలేదు. పొట్టి వీడియోలు వస్తాయి చూడండి, వాటి దగ్గర సూది ఆగిపోతోంది. దారం బంతి ఒళ్లోనే ఉంటుంది, వేలు మాత్రం ఫోను మీద ఉంటుంది.

అమలాపురం సైకాలజీ:
మాస్టారు గారికి నమస్కారం. దయచేసి దీన్ని వ్యసనం అనకండి. నేను ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, స్మార్ట్‌ఫోన్ వ్యసనం అని వేరే జబ్బు లేదు. ఆవిడ పని చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, రోజుకి గంటో రెండు గంటలో ఎక్కువ చూస్తున్నారు. అది అలవాటు. వ్యసనం అనే మాట వింటే మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటుంది.

రాజమండ్రి మాస్టారు:
అమ్మాయ్, జాబితాలో లేకపోతే లేనట్టేనా? పేకాట వ్యసనం అని మా తాతల కాలం నుంచి అంటున్నాం, అప్పుడు ఏ జాబితా చూసి అన్నాం? మానాలని ఉండి మానలేకపోవడమే వ్యసనం. ఆవిడే చెప్పింది కదా, ఏడుపొస్తోందని.

అమలాపురం సైకాలజీ:
ఆవిడకి ఏడుపొస్తున్నది టైమర్ పనిచేయనందుకండి! నిజంగా ఎవరికైనా నిద్ర, తిండి, పని అన్నీ చెడిపోయి చేతకాని పరిస్థితి వస్తే 14416కి ఫోన్ చేయొచ్చు. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు. డబ్బులు కట్టక్కర్లేదు. ఈ విషయం అందరికీ తెలియాలి. అంత అవసరం లేనివాళ్లని రోగుల్ని చేయొద్దన్నదే నా మాట.

ఒక్కమాట:
అలవాటో వ్యసనమో, టైమర్ పెట్టినా యూట్యూబ్ ఎందుకు ఆగట్లేదో చెప్పండి ముందు.

ఉండి చెరువులు:
ఫోను పక్కన పెట్టేయండని అందరూ తేలిగ్గా చెబుతారు గానీ మా బోటివాళ్లకి కుదరదండి. నాకు మూడెకరాల రొయ్యల చెరువు ఉంది. రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేసరికి పంట నీళ్ల మీద తేలుతుంది. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కరెంటు పోయిందని కాపలా కుర్రాడు ఫోన్ చేస్తే ఎత్తాల్సిందే. అలాగని ఫోను తలగడ దగ్గర పెట్టుకుంటే రొయ్యల రేట్ల గ్రూపులు, ఫార్వర్డులు, వీడియోలతో రాత్రి రెండయ్యేది. నేను చేసింది చెబుతాను. ఫోను మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్‌లో కాల్స్ దగ్గర స్టార్ పెట్టిన నెంబర్లకే అనుమతి ఇచ్చాను. కుర్రాడికీ, మా ఆవిడకీ, జనరేటర్ మెకానిక్‌కీ స్టార్ పెట్టాను. ఇక రాత్రి పది నుంచి ఐదు దాకా ఆ ముగ్గురు చేస్తేనే మోగుతుంది. పదిహేను నిమిషాల్లో ఒకే మనిషి రెండోసారి చేస్తే మోగేలా ఇంకో మీట ఉంటుంది, అదీ వేశాను. రేట్ల గ్రూపులు ఎప్పటికీ మ్యూట్. ఫోను వరండాలో మేకుకి తగిలించిన సంచిలో ఉంటుంది. మోగితే వినపడుతుంది, చెయ్యి చాస్తే అందదు. ఆరు నెలలైంది, నాకు నిద్ర తిరిగొచ్చింది.

ఆకివీడు రైతు:
అన్నా, వంద కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్య ఇవాళ ఎంత చెప్పారు మీ వైపు?

ఉండి చెరువులు:
తమ్ముడూ, అది పొద్దున చూస్తాను, ఇక్కడ వద్దు.

పాలకొల్లు మొబైల్స్:
అక్కా, వెర్షన్ సంగతి తర్వాత. ఒక్కటి చెప్పండి. మీరు యూట్యూబ్ చూసేది ఏ టైంలో? ఆగింది ఎన్నింటికి, మళ్లీ తెరుచుకుంది ఎన్నింటికి?

నరసాపురం లేసు:
రాత్రేనండి. పగలు ఇంటిపని, మా అత్తగారి మందులు, పాలు, వంట. అందరూ పడుకున్నాక పదకొండుకి కూర్చుంటాను, ఒంటిగంట దాకా. అల్లికలవాళ్లం అందరం అంతే కదా, అందుకే చెప్పలేదు. పదకొండున్నరకో, పావు తక్కువ పన్నెండుకో ఆగుతుంది. మళ్లీ కాసేపటికి వచ్చేస్తుంది.

పాలకొల్లు మొబైల్స్:
ఆయ్, అదేనండి! ఫోను చెడలేదు, టైమర్ చెడలేదు. ఆ టైమర్ రోజు లెక్క. ఫోనుకి రోజు అంటే అర్ధరాత్రి పన్నెండుకి మొదలు. పన్నెండు కొట్టగానే పాత రోజు లెక్క కొట్టేసి కొత్త రోజుకి ఇంకో అరగంట ఇస్తుంది. మీరు కూర్చునేది సరిగ్గా ఆ పన్నెండుకి అటూ ఇటూ. అందుకే ఒక్క రాత్రిలో రెండు అరగంటలు వస్తున్నాయి. పగలు చూసేవాళ్లకి ఈ తేడా తెలియదు. మొదటే టైం చెప్పి ఉంటే ఇంత కుస్తీ ఉండేది కాదు అక్కా.

నరసాపురం లేసు:
అయ్యో! పన్నెండుకి మారుతుందని ఎవరికి తెలుసండి? నేను పడుకుని లేస్తేనే కదా రేపు అవుతుంది.

రాజమండ్రి మాస్టారు:
ఆవిడ మాటే సరైనది. మన పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అర్ధరాత్రి తేదీ మారడం ఇంగ్లీషు లెక్క. ఫోను ఆ లెక్కన నడుస్తోంది, మనిషి నిద్ర లెక్కన నడుస్తున్నాడు. నేను ఈ స్క్రీన్ టైంని 'తెర సమయం' అని రాయమంటాను గానీ ఎవరూ రాయరు. మన మాటల్లో చెప్పుకుంటే ఇలాంటి తేడాలు ముందే తెలుస్తాయి.

అమలాపురం సైకాలజీ:
స్క్రీన్ టైం అంటే అందరికీ తెలుస్తుంది మాస్టారూ. తెర అంటే సినిమా తెర అనుకుంటారు.

రాజమండ్రి మాస్టారు:
మొదట్లో దూరదర్శని అంటే కూడా నవ్వారమ్మా.

ఒక్కమాట:
చివరికి టీవీ అనే అంటున్నాం కదండీ.

ఉండి చెరువులు:
దాళ్వాలో, అదే రెండో పంటకి, కాలువ నీళ్లకి వంతు పెడతారు చూడండి, ఇదీ అంతే. వంతు దాటాక తూము మూసేయాలి గానీ, ఎన్ని నీళ్లు తోడావని లెక్క పెడుతూ కూర్చోకూడదు. ఆవిడకి కావలసింది అరగంట లెక్క కాదు, పదకొండు నుంచి పొద్దున దాకా మూత.

పాలకొల్లు మొబైల్స్:
అన్న చెప్పిందే నేనూ చెప్పబోతున్నాను. అక్కా, అదే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో కిందికి వస్తే ఫోకస్ మోడ్ ఉంటుంది. అందులో యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇంకేవైతే లాగుతున్నాయో టిక్ పెట్టండి. షెడ్యూల్ అని ఉంటుంది, పదకొండు నుంచి పొద్దున ఐదు, వారమంతా. ఆ గంటల్లో అవి తెరుచుకోవు, వాటి నోటిఫికేషన్లూ రావు. పన్నెండు కొట్టినా మారదు. ఒక జాగ్రత్త చెబుతాను. 'బ్రేక్ తీసుకో' అని ఒక మీట కనిపిస్తుంది, నొక్కితే ఐదు నుంచి ముప్పై నిమిషాలు వదులుతుంది. దాని జోలికి పోకండి. కొన్ని ఫోన్లలో ఈ పేర్లు కొంచెం వేరుగా ఉంటాయి, కనబడకపోతే ఫోటో పెట్టండి.

నరసాపురం లేసు:
ఉందండి, దొరికింది. మరి డిజైను వీడియో కూడా యూట్యూబ్‌లోనే కదా? అది ఆగిపోతే ఏం చూసి అల్లాలి?

మొగల్తూరు అల్లికలు:
చెల్లీ, నాది నలభై ఏళ్ల అల్లిక. మేము వీడియో చూసి అల్లలేదు. ముందు ఒక పువ్వు నమూనా ఇచ్చేవారు. దాన్ని వెలుతురుకి పట్టి లెక్క చూసుకునేవాళ్లం, ఎన్ని గొలుసులు, ఎక్కడ మడత, ఏ వరసలో పొడవు కుట్టు అని. మా అమ్మ అది పిల్లల నోటుపుస్తకం వెనకపేజీలో గీసుకునేది. నీ టేబుల్ క్లాత్‌లో అన్ని పువ్వులూ ఒకటే కదా? ఒక పువ్వు అల్లేశాక ఇంక వీడియో ఎందుకు? మొదటి పువ్వు పగలు వీడియో చూసి అల్లు, వరసలు కాగితం మీద రాసుకో, ఆ పువ్వు ఎదురుగా పెట్టుకో. రెండో పువ్వుకి కాగితం చూస్తావు, నాలుగో దానికి అదీ అక్కర్లేదు. వేళ్లకే లెక్క తెలుస్తుంది. వీడియో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ అల్లితే చెయ్యి ఎప్పటికీ వేగం పుంజుకోదు. నాకు నీ ఫోను కన్నా అదే దిగులు.

నరసాపురం లేసు:
నిజమే వదినా. ఈ డిజైను నాకు వచ్చేసింది. పాటలా వింటూ ఉండటానికే పెట్టుకుంటున్నాను.

అమలాపురం సైకాలజీ:
వినడానికైతే రేడియో పెట్టుకోండి అక్కా. వింటూ చేసే పనికి అడ్డం రాదు, చూస్తే వస్తుంది. ఫోను బోర్లా పెడితే ఇంకా మంచిది.

మొగల్తూరు అల్లికలు:
రాత్రి ఒంటిగంట దాకా దీపం కింద అల్లడం కూడా తగ్గించుకో. కళ్లు పోయాక ఏ టైమరూ తీసుకురాలేదు.

నరసాపురం లేసు:
ఇంకొకటి అడగాలండి. లేసు ఏజెంటు గారు కొత్త ఆర్డర్లు వాట్సాప్‌లో పెడతారు, ఏ టైంలోనైనా. ముందు ఒప్పుకున్నవాళ్లకే ఇస్తారు. వాట్సాప్ ఆపితే ఆర్డరు పోతుందని భయం. అది చూద్దామని ఫోను తీసి మిగతా వాటిలోకి పోతున్నాను.

ఉండి చెరువులు:
ఆయన్ని మామూలు కాల్ చేయమనండి, ఆయన నెంబరుకి స్టార్ పెట్టండి.

నరసాపురం లేసు:
ఆయన ఒక్కొక్కరికీ కాల్ చేయరండి. మా ఊళ్లోనే పదిహేను మందిమి ఉన్నాం.

పాలకొల్లు మొబైల్స్:
అయితే ఆ ఒక్క గ్రూపుకి వేరే శబ్దం పెట్టుకుని మిగతావన్నీ మ్యూట్ చేయండి. ఆ శబ్దం వస్తేనే ఫోను తీయండి.

మొగల్తూరు అల్లికలు:
పదిహేను మందీ కలిసి రాత్రి తొమ్మిది దాటాక పెట్టొద్దని ఆయనకి చెప్పొచ్చు కదా? ఒక్కరు చెబితే వినరు, అందరూ చెబితే వింటారు. మా వీధిలో దారం తూకం దగ్గర అలాగే చెప్పాం.

నరసాపురం లేసు:
అడిగి చూస్తాను వదినా. అందరూ ఒప్పుకోవాలి కదా.

ఆకివీడు రైతు:
ఐఫోనుకి కూడా ఇలా షెడ్యూల్ ఉంటుందా అండి? మా తమ్ముడికి పెట్టాలి.

పాలకొల్లు మొబైల్స్:
ఉంటుంది, స్క్రీన్ టైంలో డౌన్‌టైం అని. రేపు షాపు తీశాక వివరంగా రాస్తాను.

నరసాపురం లేసు:
పన్నెండూ ఇరవై అయింది, యూట్యూబ్ ఆగే ఉంది. థాంక్సండి అందరికీ. రెండో పువ్వు మీద ఉన్నాను.