సైన్యం మన సమాజాన్ని ఎంత లోతుగా మలిచింది? సికింద్రాబాద్ వాళ్లు చెప్పండి

సఫిల్‌గూడ రవి:
పాకిస్తాన్‌లో 1958, 1977, 1999లో సైన్యం గద్దెనెక్కింది. మన దగ్గర ఆ గొడవ లేదు కాబట్టి సైన్యం సరిహద్దులో ఉంటుంది, మన బతుకు మనది అనుకుంటాం. సికింద్రాబాద్‌లో పెరిగినవాడిగా నేను ఒప్పుకోను. 1798లో నిజాం బ్రిటిష్ వాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ పటాలాలు హుస్సేన్‌సాగర్ అవతల దిగాయి. 1806లో ఆ దండుకు అప్పటి నిజాం సికిందర్ జా పేరు పెట్టారు, దాని చుట్టూ బజార్లు, ఇళ్లు వచ్చి ఊరైంది.

ఆ పెత్తనం ఇంకా పోలేదు. దండు ఉన్న ప్రాంతాన్ని, అంటే కంటోన్మెంట్‌ను, నడిపే బోర్డుకు అధ్యక్షుడు స్టేషన్ కమాండర్ అనే సైనికాధికారి. చట్టం ప్రకారం జనం ఎన్నుకున్న సభ్యుల్లోంచి అయ్యేది ఉపాధ్యక్షుడు మాత్రమే. రాత్రిపూట మా వైపు నుంచి సైనిక గేట్ల మీదుగా వెళ్లేవాళ్లను గమనించండి. ఎవరూ అడగకముందే హెడ్‌లైట్ డిమ్ చేస్తారు, అద్దం దించుతారు, కార్డు చేతిలో పట్టుకుంటారు. కార్లో మాటలు కూడా ఆగిపోతాయి. సొంత ఊళ్లో ఇలా నడుచుకోవడం మనకు అలవాటైపోయింది.

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
రవి గారూ, మీకు గేటే కనపడింది. 2020 అక్టోబరు వరదల్లో బండ్లగూడలో పడవలేసుకొచ్చి జనాన్ని దాటించింది కూడా ఆ గేటు లోపలి కుర్రాళ్లే.

సమాజాన్ని మలచడం అంటే నా సంగతి చెప్తాను. మా ఊరి హోటల్లో మా నాన్నకు వేరే గ్లాసు. తాగాక ఆయనే కడిగి చూరులో పెట్టాలి. నేను ఇంటర్ తప్పి పటాలంలో చేరాను. మొదటి రోజే లంగర్ (పటాలం వంటశాల) ముందు లైన్లో నిలబడి, అందరితో పాటు అదే బల్ల మీద తిన్నాను. నీ కులమేమిటని వడ్డించేవాడు అడగలేదు. మొదటి సెలవుకు యూనిఫారంలో ఊరెళ్తే అదే హోటల్ యజమాని నాకు కుర్చీ జరిపి వేశాడు. మా ఊళ్లో ఆ పని అంతకుముందు ఏ ఆఫీసరూ, ఏ నాయకుడూ చేయించలేకపోయాడు.

మల్కాజ్‌గిరి వకీలు:
రవి గారు చెప్పిన ఆ గేట్ల దగ్గర మూసిన రోడ్ల సంగతికొస్తే, 2006 కంటోన్మెంట్ల చట్టం, సెక్షన్ 258. రోడ్డు శాశ్వతంగా మూయాలంటే భద్రతా కారణం చూపాలి, ప్రజల అభ్యంతరాలు కోరుతూ నోటీసు ఇవ్వాలి. నోటీసు ఎవరైనా చూశారా?

కొంపల్లి శ్రీను:
సుబేదార్ గారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ జాట్ రెజిమెంట్, రాజ్‌పుత్ రెజిమెంట్, మహార్ రెజిమెంట్... కులం పేరు మీదే కదా పటాలాలు ఉన్నాయి? సైన్యం కులాన్ని తీసేసిందని ఎలా అంటారు?

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
తీసేసిందని నేను అనలేదు. నేను పనిచేసిన సైనిక విభాగంలో నాకు జరిగింది చెప్పాను. మళ్లీ చదవండి.

కంచన్‌బాగ్ పద్మ:
గేట్లు, రెజిమెంట్లు సరే. హైదరాబాద్‌ను సైన్యం మార్చింది తుపాకీతో కంటే ల్యాబులతో. క్షిపణుల పరిశోధనకు డీఆర్‌డీఎల్, వాటి తయారీకి 1970లో భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలకు 1973లో మిధాని... వీటి చుట్టూ కాలనీలు, స్కూళ్లు, విడిభాగాలు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులు వచ్చాయి. మా నాన్న వాటిలో ఒకచోట పని చేశారు. ఏం పని చేస్తారో రిటైరయ్యాక కూడా మాకు చెప్పలేదు. 'మీ నాన్న ఏం చేస్తారు' అని స్కూల్లో అడిగితే 'ఆఫీసు' అనేదాన్ని. అడగకపోవడమే మంచి పిల్లల లక్షణం అని మా కాలనీ పిల్లలందరం నేర్చుకున్నాం. నాన్న మీద గౌరవం ఉంది. కానీ ఆ అలవాటు ఇల్లు దాటి చాలా దూరం వచ్చింది. ఇవాళ రక్షణ అన్న మాట వినగానే బాగా చదువుకున్నవాళ్లు కూడా ప్రశ్న మింగేస్తారు.

సుబేదార్ గారూ, తప్పుగా అనుకోవద్దు. ఆ హోటలాయన కుర్చీ వేసింది మీకా, యూనిఫారానికా?

ఖమ్మం కుర్రాడు:
అన్నా, మా గురించి కూడా రాయండి. సైన్యం భర్తీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరుగెత్తి ఫిజికల్ పాసయ్యాను. మెడికల్ కూడా అయింది. రాత పరీక్ష వాయిదా వేస్తూ పోయారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ అని కొత్త భర్తీ పద్ధతి ప్రకటించారు. నాలుగేళ్లు సర్వీసు, వందలో 25 మందినే ఉంచుకుంటారట. పాత పరీక్ష రద్దు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో మాలాంటివాళ్లే రైళ్లు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒకడు చనిపోయాడు. తగలబెట్టడం తప్పే. కానీ పొద్దున నాలుగింటికి లేచి రోడ్డు మీద పరుగెత్తినప్పుడు ఊరంతా మమ్మల్ని 'జవాన్' అనే పిలిచింది. ఆ తర్వాత ఒక్కరూ మా ఇంటికి రాలేదు.

మల్కాజ్‌గిరి వకీలు:
2018 మేలో 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని రక్షణ శాఖే ఆదేశించింది. అది కూడా చూడండి.

సఫిల్‌గూడ రవి:
చూశాం వకీలు గారూ. ఆదేశం వచ్చాక కూడా మా అమ్మకు రాత్రి ఆయాసం వస్తే ఒక గేటు దగ్గర తిప్పి పంపించారు. చుట్టూ తిరిగి ఆస్పత్రికి వెళ్లేసరికి ఆమె పెదాలు నల్లబడ్డాయి. దేవుడి దయ, బతికింది.

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
అమ్మగారి సంగతి విని బాధపడ్డాను. కానీ ఆ జవానుకు ఆర్డర్ ఉంది. వదిలితే వాడి ఉద్యోగం పోతుంది. అసలు మీ ఇంట్లో ఎవరైనా సైన్యంలో ఉన్నారా?

సఫిల్‌గూడ రవి:
ఇదిగో, ఈ ప్రశ్న గురించే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! ఇంట్లో సైనికుడు ఉంటేనే నోరెత్తాలా? డాక్టర్ లేని ఇంటివాళ్లు ఆస్పత్రి గురించి మాట్లాడకూడదా? నేను జవానును తిట్టలేదు. ఆ ఆర్డర్ ఇచ్చినవాణ్ని అడిగే దారి నాకు ఎందుకు లేదని అడుగుతున్నా.

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
కోపం మీ ఒక్కరికే ఉందనుకోకండి. పద్మమ్మ అడిగినదానికి జవాబు చెప్తాను. కుర్చీ యూనిఫారానికే వేశాడు. రిటైరయ్యాక నాకు దొరికింది ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ ఉద్యోగం. డెలివరీ కుర్రాళ్లను ఆపి, ఫోన్లో అనుమతి తీసుకుని పంపడం నా డ్యూటీ. జెండా పండుగ రోజు నన్ను ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. మర్నాడు నేను లిఫ్ట్‌లో వెళ్తుంటే సర్వీస్ లిఫ్ట్ వాడమన్నారు. మీరంతా పటాలం గేటు గురించి రాస్తారు, మీ ఇళ్ల గేట్ల దగ్గర నిలబడేది మేమే. గౌరవించమని నేను అడగడం లేదు రవి గారూ. జవానును, కమాండర్‌ను, రక్షణ భూమిని కలిపి ఒకటే 'సైన్యం' అంటున్నారే, అది నాకు మండుతోంది.

కంచన్‌బాగ్ పద్మ:
కలిపేది రవి గారొక్కరే కాదండీ. భూమి గురించి అడిగితే జవాను త్యాగాన్ని అడ్డం పెట్టేవాళ్లూ కలుపుతున్నారు. ఇందాక ఆర్డర్ అన్నప్పుడు మీరు చేసిందీ అదే.

సఫిల్‌గూడ రవి:
సర్వీస్ లిఫ్ట్ వాడమనడం సిగ్గుచేటు. మా అపార్ట్‌మెంట్‌లోనూ అదే రూలు ఉంది, ఈ ఆదివారం మీటింగ్‌లో ఎత్తుతాను. ఎత్తగలను, ఎందుకంటే ఆ కమిటీకి నేను ఓటేశాను. కంటోన్మెంట్ బోర్డుకు ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30కి పెడతామని గెజిట్ ఇచ్చి, మార్చిలో వెనక్కి తీసుకున్నారు. ఇక నాన్చకుండా సివిల్ ఏరియా మొత్తం నగరపాలక సంస్థలో కలిపేయాలి.

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
నేను ఉండేదీ కంటోన్మెంట్ లోపలే. నాకూ ఓటేసే దారి లేదు. ఎన్నికలు పెట్టమంటే మీ పక్కన నిలబడతాను, అర్జీ మీద మొదటి సంతకం నాదే. కలిపేయడానికి మాత్రం ఒప్పుకోను. ఈ చెట్లు, ఈ ఖాళీ జాగా బిల్డర్ల చేతికి పోతే రెండేళ్లు కూడా నిలబడవు.

సఫిల్‌గూడ రవి:
చెట్ల కోసం ఓటు వదులుకోమంటారా? అర్జీ నేను రాస్తాను. విలీనం మాట కూడా అందులో ఉంటుంది.

బొల్లారం సుబేదార్ (రిటైర్డ్):
అయితే రెండు అర్జీలు రాద్దాం. ఖమ్మం తమ్ముడూ, నీ ఫిజికల్, మెడికల్ కాగితాలు దాచి ఉంచావా? ఉంటే నాకు మెసేజ్ పెట్టు. మీ బ్యాచ్ గురించి మూడోది రాస్తాను.