యంత్రం విఫలమైంది అందామా, మొరాయించింది అందామా?

యంత్రాన్ని పరీక్షిస్తూ లోపాలు సరిచేస్తూ పోయేకొద్దీ అది ఆగిపోవడం తగ్గుతుంది. ఇంగ్లీషులో దీన్ని "రిలయబిలిటీ గ్రోత్" అంటారు. దాన్ని "విశ్వసనీయతాభివృద్ధి" అనవచ్చా అని నిన్న ఒకరు అడిగారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఆ విషయం చెప్పే పాఠంలో "ఫెయిల్యూర్" వచ్చిన ప్రతిచోటా "వైఫల్యం" అని రాసుకుంటూ పోవడమే నాకు మింగుడుపడటం లేదు.

వైఫల్యం చర్చలకూ ప్రభుత్వాలకూ నప్పే మాట. యంత్రానికి మనకు మొరాయింపు ఉంది. "ఈవీఎంలు మొరాయించాయి" అని పత్రికల్లో చదివి ఎవరూ నిఘంటువు తెరవరు. బరువు బండి లాగే ఎద్దు వాగు గట్టున కాళ్లు బిగదన్ని నిలబడిపోతుంది చూడండి, అదీ మొరాయించడం. దాని సత్తువ పోలేదు. చక్రం కింది రాయి తీసి అదిలిస్తే మళ్లీ కదులుతుంది. అరిగిపోవడం, కాలిపోవడం వేరు.

రిలయబిలిటీ గ్రోత్ గణితానికి కావలసింది సరిగ్గా ఆ తేడాయే. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన జె.టి. డ్యువేన్ 1964లో విమాన జనరేటర్లు, జెట్ ఇంజను వంటివాటి పరీక్షల లెక్కలు ప్రచురించారు. ఆగినప్పుడల్లా కారణం వెతికి, సరిచేసి, మళ్లీ నడిపిన యంత్రాలవి. నడిచిన మొత్తం గంటలకు ఎదురుగా మొరాయింపుల రేటును లాగరిథమ్ కాగితం మీద గుర్తిస్తే చుక్కలు దాదాపు ఒకే సరళరేఖ మీద, కిందికి వాలుతూ పడ్డాయి. యాదృచ్ఛికంగా వచ్చే ఘటనలను లెక్కించే గణిత నమూనాను పాయిసాన్ ప్రక్రియ అంటారు. ఈ మొరాయింపులను రేటు కాలంతో మారే పాయిసాన్ ప్రక్రియగా చూపి, 1974లో గణాంకవేత్త లారీ క్రో ఈ పద్ధతికి గణాంక పునాది వేశారు.

ఒక లెక్క చూడండి. తొలి 100 గంటల్లో యంత్రం 10 సార్లు మొరాయించింది. ఆ సరళరేఖ కిందికి దిగే వాలు 0.4 అనుకుంటే, 1000 గంటలకు మొరాయింపులు 100 కావు, దాదాపు 40. అంటే సగటున 25 గంటలకు ఒకటి. అయితే మొదటి రోజుల తప్పులన్నీ ఆ సగటులో కలిసే ఉన్నాయి. వాటిని సరిదిద్దాక యంత్రం ఈ రోజున్న స్థితి 25ను 0.6తో (అంటే 1 లోంచి ఆ 0.4 తీసేస్తే మిగిలేదానితో) భాగిస్తే వస్తుంది: సుమారు 42 గంటలకు ఒక మొరాయింపు.

ఈ రెండింటికీ "సంచిత", "తాత్క్షణిక" అని రాయడం చూశాను. "ఇప్పటిదాకా సగటు", "ఇప్పటి సగటు" అంటే చాలదా? మొత్తం తేడాను "దాకా" ఒక్కటే మోస్తోంది!

ఒక్క మనవి. బల్బుకు మాత్రం మొరాయింపు వాడకండి. అది మాడిపోతుంది.