మొదటి డీఎస్ఎల్ఆర్‌కి 35 ఎంఎం లెన్సా, 50 ఎంఎం లెన్సా?

ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశాను. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ లాంటి కెమెరా సెట్టింగులు అంటే ఏమిటో తెలుసు కానీ చేత్తో తిప్పి చూసింది లేదు. ఎక్కువగా తీసేది ఇంట్లో పిల్లల్ని, అదీ రాత్రి లైట్ల వెలుగులో. ఒక్క క్షణం కుదురుగా ఉండరు!

బడ్జెట్ తక్కువ కాబట్టి సెకండ్ హ్యాండ్ నికాన్ డీ3500 చూస్తున్నాను. దాంతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది కదా, అందుకే ఇంకా పెద్దగా తెరుచుకుని ఎక్కువ వెలుగు రానిచ్చే ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కూడా కొందామని. ఈ బాడీలో ఫోకస్ మోటార్ లేదు, కాబట్టి మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే తీసుకోవాలి, అంతవరకు అర్థమైంది.

ఈ కెమెరాలో ఉండే క్రాప్ (చిన్న సైజు) సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ దాదాపు 75 ఎంఎంలా, అంటే ఇంకా దగ్గరగా కనిపిస్తుందిగా, చిన్న గదిలో ఇబ్బంది కాదా? 35 మేలా? వాడినవాళ్లు చెప్పండి. పాత కెమెరాకి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఎంతవరకు ఉంటే పర్వాలేదు?