అప్‌డేట్: అరెకా పామ్‌కి రోజూ నీళ్లు పోయడం మానేశాక

బెంగళూరులో మా బాల్కనీలోని రెండు అరెకా పామ్‌లకు (కుండీల్లో అందం కోసం పెంచే మొక్కలు) రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు పసుపు అవుతున్నాయని నవంబర్‌లో అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం, నీళ్లు ఎక్కువయ్యాయి. కుండీలోంచి తీస్తే అడుగు మట్టంతా బురద, కొన్ని వేర్లు నల్లగా కుళ్లిపోయాయి. వాటిని కత్తిరించి, ఎర్రమట్టిలో ఇసుక కలిపి మళ్లీ నాటాను.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టడం లేదు. వేలు 2 అంగుళాలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోస్తున్నాను. ఈ చలికాలంలో అది వారానికోసారే. ఎండ పడే మూలలోని కుండీకి మాత్రం 4, 5 రోజులకే కావాలి. పళ్లెంలో నిలిచిన నీళ్లు వెంటనే పారబోస్తున్నాను.

పసుపైన ఆకులు మళ్లీ పచ్చబడలేదు. కానీ నిన్న ఒకదానికి కొత్త మొవ్వు కనిపించింది, ఎంత సంతోషమేసిందో! మార్చి ఎండలు మొదలయ్యాక రోజూ వేలు పెట్టి చూస్తాను.