దత్తత మీద సినిమా వేస్తున్నాం, అయ్యాక చర్చ ఎలా నడిపితే బాగుంటుంది?

చలిదేశం_తెలుగు:
అందరికీ నమస్తే. మేం మినియాపోలిస్ దగ్గర ఉంటాం, ఇక్కడి లైబ్రరీలో కమ్యూనిటీ రూమ్ తీసుకుని అప్పుడప్పుడూ సినిమా వేస్తుంటాం, తెలుగువాళ్ళే కాదు ఎవరైనా రావచ్చు, చూశాక కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి దత్తత, వలస, అసలు మనం ఎక్కడి వాళ్ళం అనేదాని మీద పెడదామనుకున్నాం. మిన్నెసోటాలో కొరియా నుంచి దత్తతకి వచ్చి పెరిగినవాళ్ళు చాలా ఎక్కువ, మా పిల్లల స్కూల్లోనూ ఆఫీసులోనూ కనిపిస్తూనే ఉంటారు, ఇండియా నుంచి చిన్నప్పుడు వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకరిద్దరు మా సినిమాలకి వస్తారు, అందులో ఒకమ్మాయి మొహం చూస్తే మన పక్కింటి అమ్మాయిలా ఉంటుంది, మనవాళ్ళు తెలుగులోనో హిందీలోనో పలకరించేస్తారు, ఆ అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెప్పి నవ్వేసి ఊరుకుంటుంది. అది చూసినప్పటి నుంచే ఈ ఆలోచన.

సినిమా లయన్ (2016) అనుకుంటున్నాం. తెలియనివాళ్ళకి, మధ్యప్రదేశ్ ఖండ్వాలో పుట్టిన ఐదేళ్ళ పిల్లాడు రైల్లో నిద్రపోయి కలకత్తాలో తేలడం, ఆస్ట్రేలియాలో టాస్మానియాకి దత్తత వెళ్ళడం, పెద్దయ్యాక గూగుల్ ఎర్త్‌లో వెతికి ఊరు కనుక్కోవడం, నిజంగా జరిగిన కథ. మంచి సినిమానే, కానీ నా భయం ఏంటంటే ఇది చూసి అందరూ కళ్ళు తుడుచుకుని ఎంత అదృష్టవంతుడో కదా అనుకుని ఇంటికెళ్ళిపోతారేమో అని. చర్చ ఎలా మొదలుపెట్టాలి, దత్తత వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి మాట్లాడమంటే బాగుంటుందా, పిల్లల్ని తీసుకురమ్మనొచ్చా? మీలో ఈ విషయం దగ్గరగా తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇద్దరాడపిల్లల_అమ్మ:
మా చిన్నది దత్తత. అందుకే ఇది చూడగానే రాస్తున్నా, కొంచెం పెద్దదైతే ఏమీ అనుకోకండి. మొదట చెప్పేది, దయచేసి ఎవర్నీ ముందు కూర్చోబెట్టి నీ కథ చెప్పమ్మా అనకండి. వాళ్ళంతట వాళ్ళు మాట్లాడతామంటే అది వేరు, అదైనా వారం ముందు ఫోన్ చేసి ఏం మాట్లాడాలనుంది ఏం వద్దు అని అడిగి పెట్టుకోండి. హాల్లో చేతులెత్తమనడం అసలు వద్దు.

ఎందుకు చెప్తున్నానంటే, పోయిన ఉగాదికి మా అసోసియేషన్ భోజనాల దగ్గర లైన్లో నించున్నాం, పులిహోర వడ్డిస్తున్న ఆవిడ చాలా మంచావిడే, మా చిన్నదాని ప్లేట్లో గరిటె పెడుతూ పెడుతూ "ఇదేనా మీరు తెచ్చుకున్న పాప, మరి సొంతది ఎక్కడ?" అంది. పెద్దది పక్కనే ఉంది. చిన్నది ప్లేట్ రెండు చేతులతో పట్టుకుని అలా చూస్తూ నిలబడింది, దానికి తెలుగు బాగా వచ్చు, ప్రతి మాటా అర్థమైంది. ఆవిడకి చెడు ఉద్దేశం లేదు, కానీ ఇలాంటివి మన మధ్య రోజూ జరుగుతాయి, తెల్లవాళ్ళ ఇంట్లో పెరిగినవాళ్ళకి ఒక రకం బాధ అయితే మన ఇళ్ళలో పెరిగేవాళ్ళకి ఇది ఇంకో రకం. మీ చర్చలో దీని గురించి మాట్లాడండి, ఆస్ట్రేలియా వాళ్ళ గురించి మాట్లాడడం తేలిక.

పిల్లల సంగతి, ఆ సినిమాకి పీజీ-13 ఇచ్చారు, అంటే 13 ఏళ్ళలోపు పిల్లలకి తగనివి కొన్ని ఉండొచ్చు, తల్లిదండ్రులు చూసుకోవాలి అని. తప్పిపోయిన పిల్లాడు స్టేషన్లో ఒంటరిగా తిరగడం, పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళు, అన్నయ్య చనిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. దత్తత వచ్చిన చిన్నపిల్లలున్న ఇళ్ళకైతే ముందే చెప్పండి, తల్లిదండ్రులు ముందు చూసి నిర్ణయించుకుంటారు. ఇంకోటి, అందులో రెండో అబ్బాయి పాత్ర ఉంది చూడండి, వాడూ దత్తతే, కానీ ఆ ఇంట్లో కుదురుకోలేకపోతాడు. సినిమా చూసినవాళ్ళెవ్వరూ వాడి గురించి మాట్లాడరు. చర్చ అక్కడ నుంచి మొదలుపెడితే ఎంత అదృష్టవంతుడో అనే మాట దానంతటదే ఆగుతుంది.

దేవరకొండ_దిక్కు:
నేను తండావోణ్ణి, మాది నల్గొండ జిల్లా దేవరకొండ దిక్కు. మీరు ఖండ్వా, టాస్మానియా అంటున్నరు, మంచిదే, గని ఈ కథ మన దగ్గర గూడ ఉన్నది, ఆ సంగతి మీ సినిమాకొచ్చే తెలుగోళ్ళల్ల ఎంతమందికి ఎరుక?

1999ల, మళ్ళ 2001ల మా తండాల నుంచి ఆడపిల్లల్ని పైసలకు కొనుక్కపోయి హైదరాబాద్ అనాథాశ్రమాలల్ల పెట్టి విదేశాలకు దత్తత పంపుతున్నరని బయటపడ్డది. రోజూ పేపర్లల్ల వచ్చింది అప్పుడు. మధ్యల దళారులు తండాలల్ల తిరిగి మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన ఇల్లు చూసుకునేటోళ్ళు. తల్లి చేతుల పెట్టేది శానా తక్కువ, ఆడ విదేశం నుంచి వచ్చే ఫీజు వేల డాలర్లు. లంబాడోళ్ళు ఆడపిల్లల్ని అమ్ముకుంటరు అని అందరు రాసిండ్రు, ఆ మాట ఇప్పటికీ మంట పుట్టిస్తది నాకు. మా లంబాడోళ్ళల్ల ఎనకట ఓలి ఇచ్చేది పిల్లగాని తరఫోళ్ళే, ఆడపిల్ల బరువు అనే మాటనే లేకుండె. ఆ తర్వాత కట్నం వచ్చింది, ఉన్న ఇంత చెల్కల వాన లేక పంట లేదు, నీళ్ళల్ల ఫ్లోరైడ్, సగం తండా హైదరాబాదుకు మట్టి పనికి పోయేది. అసుంటి ఇంట్ల బాలింత దగ్గరికి ఒకామె వచ్చి నీ బిడ్డ మంచిగ బతుకుతది, చదువుకుంటది, పెద్దగయినంక నీ దగ్గరికొస్తది అని చెప్తే ఆ తల్లి ఏం జేస్తది? సంతకం అంటే ఏలిముద్ర. ఆ కాయితంల ఏం రాసిండ్రో ఆమెకు చదవరాదు.

మా తండల ఒకామె ఉంటది, పేరు రాయను. మా యాడి, అంటే అమ్మ, కన్న కొంచెం పెద్దది. ఆమె బిడ్డ అట్ల పోయింది. ఇప్పటికీ దీపావళికి ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికి మేరా పాడుకుంట తిరుగుతరు గద, ఆమె ఇంటికొస్తే ఒక్కొక్కరి మొఖం పట్టుకుని సూస్తది, పోనీయది. మీ సినిమాల కొడుకు వెతుక్కుంట వచ్చిండు. మా దిక్కు తల్లి ఎవల్ని అడగాలె? చర్చల ఈ ఒక్కటి పెట్టుండ్రి అన్న.

గోదావరి_గట్టు:
దేవరకొండ అన్నగారూ చదువుతుంటే మనసు అదోలా అయిపోయిందండి. అయినా ఒక మాట అడగాలనిపిస్తుంది, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అక్కడ జరిగింది ఘోరమే, కానీ దాన్ని పట్టుకుని మొత్తం దత్తతే తప్పు అన్నట్టు చర్చ వెళ్ళిపోతే నిజంగా ఎవరూ లేని పిల్లల మాటేంటి? మా బాబాయి వాళ్ళు దత్తత తీసుకుందామని రిజిస్టర్ చేయించుకుని ఏళ్ళుగా ఎదురు చూస్తున్నారు. భయపెట్టేస్తే రేపు తీసుకునేవాళ్ళు కూడా వెనకడుగు వేస్తారు. కాస్త మంచివైపు కూడా చూపించండి.

దేవరకొండ_దిక్కు:
గోదావరి గారు, దిక్కులేని పిల్లకు ఇల్లు దొరకాలె, దానికి నేను అడ్డం గాదు. మా బిడ్డలకు దిక్కు ఉండె. తల్లి ఉన్నది, తండ్రి ఉన్నడు, అక్కలున్నరు. లేరని కాయితం తయారు జేసిండ్రు. తేడా అంతే.

కాయితాల_పని:
నేను హైదరాబాద్‌లో పిల్లల సంక్షేమం వైపు పనిచేశాను, రూల్స్ కొంచెం చెప్తా, చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతకి మొదటిసారి గట్టి పద్ధతి పెట్టింది, ముందు ఇక్కడి కుటుంబాలకి అవకాశం ఇవ్వాలి, ఆ తర్వాతే విదేశం అని. ఆ రూల్ ఉండగానే దేవరకొండలో అది జరిగింది, ఎందుకంటే తల్లే ఇష్టపడి వదిలేసింది అని ఒక కాగితం ఉంటే చాలు పిల్ల దత్తతకి సిద్ధం అయిపోయేది. అందుకే 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలా బిడ్డని అప్పగించే పద్ధతినే ఆపేసింది, అమెరికా వాళ్ళు కూడా మన రాష్ట్రం నుంచి దత్తత కేసులు నిలిపేశారు. అప్పటికే పాప ఫోటో చూసుకుని పేరు పెట్టుకుని ఎదురుచూస్తున్న విదేశీ కుటుంబాలు కొన్ని కోర్టుల చుట్టూ తిరిగాయి, ఆ నడుమ పిల్లలు ప్రభుత్వం నడిపే పిల్లల హోమ్ అయిన శిశువిహార్‌లో పెరిగారు. వాళ్ళ బాధ కూడా తక్కువేం కాదు.

2003లో హేగ్ ఒప్పందంలో, అంటే దేశాల మధ్య దత్తతకి రూల్స్ పెట్టిన అంతర్జాతీయ ఒప్పందంలో, ఇండియా చేరింది. ఇప్పుడు బిడ్డని అప్పగించాలంటే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు జరగాలి, ఆ తర్వాత తల్లి మనసు మార్చుకోవడానికి 60 రోజులు టైం ఉంటుంది. గోదావరి గారి బాబాయి వాళ్ళు ఏళ్ళుగా ఎదురుచూడటానికి అసలు కారణం, ఎదురుచూసే తల్లిదండ్రులు చాలా ఎక్కువ, చట్టప్రకారం దత్తతకి సిద్ధంగా ఉన్న పిల్లలు చాలా తక్కువ. చర్చ వల్ల అది పెరగదు తగ్గదు.

మూలాలు వెతుక్కునేవాళ్ళ గురించి. 18 నిండితే వాళ్ళే నేరుగా కారాకి (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అడగొచ్చు, అంతకన్నా చిన్నవాళ్ళయితే తల్లిదండ్రులతో కలిసి. వాళ్ళ తరఫున ఇంకొకరు వచ్చి వెతుకుతామంటే రూల్ ఒప్పుకోదు, అంటే ఇంగ్లీషు తప్ప ఏమీ రాని మనిషి ఒంటరిగా వచ్చి మన ఆఫీసుల చుట్టూ తిరగాలి. బిడ్డని అప్పగించిన తల్లి నా వివరాలు చెప్పొద్దు అని రాసి ఉంటే, ఆవిడ మళ్ళీ రాసి ఒప్పుకుంటేనే చెప్తారు. తండాల కేసుల్లో ఇదే పెద్ద చిక్కు, తల్లి పెళ్ళికాని అమ్మాయి అని ఫైల్లో రాసి ఉంటుంది, నిజానికి ఆవిడకి భర్తా ముగ్గురు పిల్లలూ ఉంటారు, ఊరి పేరు కూడా వేరేది. అందుకే ఇప్పుడు చాలామంది డీఎన్ఏ టెస్టులు చేయించుకుంటున్నారు. మీ దగ్గరికి వచ్చే అమ్మాయి అడిగితేనే ఇవి చెప్పండి, అడక్కుండా నీ తల్లిని వెతికావా అనొద్దు.

అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇంకోటి. 2000లో చేసిన చట్టంతో దత్తత పిల్లలకి పౌరసత్వం దానంతటదే వస్తుంది, కానీ 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 నిండనివాళ్ళకే. అంతకన్నా పెద్దవాళ్ళకి పెంచినవాళ్ళు కాగితాలు పెట్టకపోతే లేదు. చిన్నప్పుడే ఇండియా నుంచి వెళ్ళిన ఒకావిడని 2008లో ముంబయికి డిపోర్ట్ చేశారు, ఇక్కడి భాష రాదు, ఎవరూ లేరు, పిల్లలు అమెరికాలో. మీ దగ్గరి కొరియావాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయం. వాళ్ళు ఎన్నో ఏళ్ళు పోరాడారు, 2025 మార్చిలో దక్షిణ కొరియా సత్యశోధన కమిషన్ కూడా పిల్లల్ని పంపడంలో ప్రభుత్వం హక్కులు కాలరాసిందని తేల్చింది. తండాల సంగతి మీద మన దగ్గర ఇప్పటిదాకా అలాంటి విచారణ రాలేదు, రావాలి అని నా అభిప్రాయం.

అన్నట్టు లైసెన్స్ చూసుకున్నారా? ఇంటి నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ పెట్టి హాల్లో వేయకూడదు, పబ్లిక్‌గా చూపించే లైసెన్స్ వేరే ఉంటుంది, చాలా లైబ్రరీలకి ముందే ఉంటుంది, వాళ్ళని అడగండి.

చలిదేశం_తెలుగు:
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. మా వాళ్ళతో మాట్లాడాను, కొన్ని ఖాయం చేసుకున్నాం. పెద్దవాళ్ళకి మాత్రమే అని పోస్టర్ మీద వేస్తున్నాం. సినిమా అయ్యాక చూడ్డానికి వచ్చినవాళ్ళెవరికీ మైక్ ఇవ్వం, ప్రశ్నలు చీటీల మీద రాసిస్తే మేం చదువుతాం, పులిహోర లైన్లో వచ్చినట్టు వచ్చే ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. మొదటి ప్రశ్న మేమే వేస్తాం, ఆ రెండో అబ్బాయి గురించి. నేను చెప్పిన అమ్మాయికి ఫోన్ చేశాను, ముందు కూర్చోను కానీ వస్తాను, కొరియా ఫ్రెండ్ ఒకావిడ మాట్లాడతానంటోంది తనని పిలవండి అంది. గోదావరి గారూ, మీ బాబాయి వాళ్ళ లాంటివాళ్ళ మాట కూడా వస్తుంది, ఇద్దరాడపిల్లల అమ్మ గారు ఒప్పుకుంటే ఆవిడ రాసింది పేరు లేకుండా చదువుతాం. లైబ్రరీకి లైసెన్స్ ఉందట, లిస్టులో ఈ సినిమా ఉందో లేదో సోమవారం చెప్తామన్నారు.

దేవరకొండ అన్నా, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు వీడియోలో ఒక పది నిమిషాలు మాట్లాడతారా, తెలుగులోనే మాట్లాడండి, మేం పక్కన ఇంగ్లీషులో చెప్తాం. అమ్మ వయసావిడ పేరు, ఊరు ఏదీ వద్దు. మధ్యాహ్నం ఆట అయితే మీకు అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి సినిమా పొద్దున్నే మొదలుపెట్టి మీ మాట ముందుకి జరుపుతాం, మాకు ఉదయం 10 అంటే మీకు రాత్రి 8:30.

దేవరకొండ_దిక్కు:
మాట్లాడుత. 8:30 అయితే పనికెల్లి ఇంటికొచ్చే ఉంట. గని సినిమాకు ముందు పెట్టుండ్రి, ఎన్క గాదు. సినిమా అయిపోయినంక అందరు ఏడ్చి ఉంటరు, అప్పుడు నేను చెప్పేది చెవికెక్కది.