చిన్న ఊళ్లో క్రమమైన ఆరాధనతో ఇంటి సంఘం: గురువు లేకుండా మొదలుపెట్టొచ్చా?

పాలమూరు టీచర్

అందరికీ వందనాలు. మేముండేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. మిషనరీల కాలం నుంచీ ఈ వైపు మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలే ఎక్కువ. వాటికి తోడు ఇప్పుడు వీధికో ప్రార్థనా మందిరం వచ్చింది. ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాలం నాలుగున్నాం. మూడు కుటుంబాలు మెదక్, దోర్నకల్ వైపు సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పెరిగినవి, ఒకటి గుంటూరు లూథరన్. దగ్గర్లోని సి.ఎస్.ఐ. గుడికి పోవాలంటే బస్సులో రెండు గంటలు. చిన్నపిల్లలతో ప్రతివారం కుదరడం లేదు.

ఇక్కడి సంఘాలవాళ్లు మమ్మల్ని బాగా చూసుకుంటారు. ఆసుపత్రిలో పడితే ముందొచ్చేది వాళ్లే. కానీ మా పిల్లలకు విశ్వాస ప్రమాణం, అంటే 'నేను నమ్ముచున్నాను' అని అందరూ కలిసి పలికేది, రాదు. క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే ఆగమన కాలం అంటే ఏంటో తెలియదు, డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్‌లే. వాక్యం కూడా కాపరి గారు ఆ వారం ఎంచుకున్న ఒక్క భాగమే. పాత నిబంధన, కీర్తన, పత్రిక (అపొస్తలుల లేఖ), సువార్త నాలుగూ చదివి వినిపిస్తూ, ప్రార్థన పుస్తకంలోని క్రమం ప్రకారం నడిచే ఆరాధన మాకు కావాలి. మా ముందుగదిలో పాతికమంది కూర్చోవచ్చు. ప్రార్థన పుస్తకాలు, కీర్తనల పుస్తకాలు ఉన్నాయి. గురువు, అంటే బిషప్పు అభిషేకించిన పాదిరి, మాత్రం లేరు. మొదలుపెట్టొచ్చా? పెడితే సంస్కారం (ప్రభు భోజనం) సంగతేంటి?

స్వతంత్ర సంఘ కాపరి

ప్రైజ్ ద లార్డ్ టీచర్ గారూ. మీ ఊళ్లోనే ఇన్ని సంఘాలుంటే ఇంకొకటి దేనికండీ? పద్ధతి నచ్చలేదని ప్రతి నాలుగు కుటుంబాలూ వేరుపడితే క్రీస్తు శరీరం ఏమవుతుంది?

రెండోది. నేను కాపరిగా ఉన్న పల్లెలో సగం మంది తల్లులకు చదువు రాదు. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, రాత్రి మోకాళ్ల మీద కన్నీళ్లతో ప్రార్థిస్తారు. అప్పుల సంగతి, తాగే మొగుడి సంగతి అన్నీ దేవునికి చెప్పుకుంటారు. వాళ్ల చేతికి పుస్తకం ఇచ్చి 'ఇక్కడ ఇది చదవాలి' అంటే నోరు కట్టేసినట్టే. సంస్కారానికి గురువు కోసం ఎదురుచూడటం కూడా నాకు వాక్యంలో కనబడదు. ఆది సంఘం 'ఇంటింట రొట్టె విరుచుచు' ఉండింది, అపొస్తలుల కార్యములు 2:46. మొదలుపెట్టాలనే అనుకుంటే ధైర్యంగా ప్రభువు బల్ల (సంస్కారం) కూడా పెట్టుకోండి.

దోర్నకల్ ఆడపడుచు

అయ్యగారూ, చదువు రానివాళ్లకు క్రమం బరువు అన్నారు కాబట్టి చెప్తున్నా. మా నాయనమ్మ వేలిముద్ర మనిషి. ఆరాధన క్రమమంతా ఆమెకు నోటికి వచ్చు. ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, అయిదారు కీర్తనలు. వానాకాలం వాగు పొంగితే ఆరాధన నడిపే ఉపదేశి రాలేకపోయేవారు. అప్పుడు వాడ అంతటినీ కూర్చోబెట్టి ఆరాధన నడిపించింది ఆమె. అక్షరం వచ్చిన మా బాబాయి లేచి వాక్యభాగాలు చదివేవాడు. మధ్యలో ఎవరింట్లో జ్వరమో, ఎవరి గేదె పోయిందో చెప్పి వాళ్లకోసం సొంత మాటల్లో ప్రార్థించేవాళ్లు, మీ తల్లులు చేసినట్టే.

ఇది మా ఇంటి గొప్ప కాదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, పల్లెల్లో పని నడిపిందే ఈ దారిలో. పుస్తకం చదవలేని వారికి విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఆజ్ఞలు కంఠతా నేర్పించారు. బాప్తిస్మం పొందినవాళ్లు తల మీద చెయ్యి పెట్టుకుని 'సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ' అని పలకాలి. కూలినాలి జనం సంఘాన్ని మోసింది ఈ కంఠపాఠంతోనే. టీచర్ గారూ, మొదలుపెట్టండి. పిల్లల చేత వాక్యం చదివించండి, ఆడవాళ్ల చేత కూడా.

రిటైర్డ్ ప్రెస్బిటర్

టీచర్ గారు అడిగిన దానిలో రెండు ప్రశ్నలున్నాయి. విడివిడిగా చూద్దాం.

ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన నడపడానికి గురువు అక్కర్లేదు. నేను పనిచేసిన పాస్టరేట్లలో ఒక గురువుకు ఎన్నో పల్లెలుండేవి. మిగతా ఆదివారాలు ఉపదేశో సంఘ పెద్దో నడిపేవారు, సంస్కారం మా వంతు వచ్చినప్పుడు. కాబట్టి మీరు చేయబోయేది కొత్త సంగతేమీ కాదు. రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. ఒప్పుకోలు అయ్యాక గురువు 'మీ పాపములను క్షమించును గాక' అంటాడు, అభిషేకం లేని నాయకుడు 'మన' అని ప్రార్థించాలి. చివర్లో చెయ్యెత్తి దీవించకుండా 2 కొరింథీ 13:14లోని కృప మాటలు అందరూ కలిసి చెప్పుకోండి.

సంస్కారం విషయంలో కాపరి గారితో నేను ఏకీభవించలేను. రెండో శతాబ్దం మొదట్లోనే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాస్తూ, బిషప్పు గానీ ఆయన అప్పగించినవారు గానీ జరిపించిన సంస్కారమే సరైనదని అన్నాడు. అది అధికార దర్పం కాదు. ఎవరి ఇంట్లో వాళ్లు బల్ల పెట్టుకుంటే ఎవరి బల్ల వాళ్లదే అయిపోతుంది. మనకు దొరికింది అలాంటిది కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే సంఘమయ్యారు, అదే సి.ఎస్.ఐ. 1950లో వచ్చిన ప్రభు భోజన క్రమంలో కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న శాంతి వందనం ఉంది. పక్కవాడి చేతులు నీ రెండు అరచేతుల మధ్య పట్టుకుని శాంతి అందించాలి. అలా అందుకున్నవాడితో నీకు సంబంధం లేదనే వీలుండదు.

గుంటూరు లూథరన్

ఆసక్తిగా చదువుతున్నాను. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన నాటి నుంచి మా వైపు కూడా క్రమమైన ఆరాధనే. అయితే మార్టిన్ లూథర్ 1526లో జర్మన్ ఆరాధన క్రమానికి రాసిన ముందుమాట చూడండి. నిజంగా క్రైస్తవులుగా బతకాలనుకునేవాళ్లు ఒక ఇంట్లో కూడి ప్రార్థించి, చదివి, బాప్తిస్మం, సంస్కారం కూడా జరుపుకునే పద్ధతి ఒకటి ఆయన ఊహించాడు. వెంటనే, అలాంటి మనుషులు ఇంకా తన దగ్గర లేరు కాబట్టి మొదలుపెట్టనని చెప్పాడు. గది, పుస్తకాలు ఉన్నాయని మొదలుపెడితే చాలదు. ఆ నాలుగు కుటుంబాలు ఒకరి తప్పు ఒకరు సరిదిద్దుకునేంత దగ్గరవాళ్లేనా? అది ముందు చూసుకోండి.

స్వతంత్ర సంఘ కాపరి

దోర్నకల్ అక్కా, మీ నాయనమ్మ గురించి రాసింది నా మనసుకు తాకింది. కంఠతా వచ్చిన ప్రార్థన ప్రార్థనే, ఒప్పుకుంటాను.

ప్రెస్బిటర్ గారూ, మీరు ఇగ్నేషియస్‌ను తెచ్చారు, నేను అదే శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్‌ను తెస్తాను. 155 ప్రాంతంలో రోమ్‌లో ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో ఆయన రాశాడు. చదువు, ప్రసంగం, ప్రార్థన, రొట్టె, పాత్ర. నాయకుడు 'తన శక్తికొద్దీ' కృతజ్ఞతాప్రార్థన చేస్తాడన్నాడు. అంటే పుస్తకంలోని మాటలే చదవాలన్న నియమం అప్పటికి లేదు. ఇంకో మాట. బిషప్పు గారి ఆఫీసు నుంచి జవాబు రాక ఆరు నెలలు గడిస్తే, ఆ నాలుగు కుటుంబాలు ఆరు నెలలూ రొట్టె లేకుండా ఉండాలా?

నల్లమల యువకుడు

అందరూ పుస్తకం, గురువు దగ్గరే ఉన్నారు. ఎవరి ఇంట్లో అన్నది ఎవరూ అడగలేదు.

నేను ఎస్సీ కాలనీలో పుట్టినోణ్ణి. మా ఊళ్లో మూడు మందిరాలున్నాయి, ఏది ఏ కులానిదో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. గుడి ఊరందరిదైతే తలుపు తోసుకుని లోపలికి పోతాం. టీచర్ గారి ముందుగది టీచర్ గారిది. గేటు దగ్గర చెప్పులిడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడవారగా నిలబడే మా అమ్మను ఊహించుకోండి. కొరింథులో పాడైంది ఇంట్లో భోజనమే కదా? ఉన్నోళ్లు ముందే తిని తాగారు, లేనోళ్లు ఆకలితో ఉన్నారు. 1 కొరింథీ 11 చదవండి. క్రమం గురించి ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఒకటే పాత్రలో అందరం తాగుతామా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. నాలుగు ఉద్యోగస్తుల కుటుంబాల పిల్లలకు క్రమం నేర్పడానికే అయితే దాన్ని ఇంటి ప్రార్థన అనండి, సంఘం అనకండి.

పాలమూరు టీచర్

తమ్ముడూ, నువ్వు రాసింది రాత్రి మా నాలుగు కుటుంబాలం కూర్చుని గట్టిగా చదువుకున్నాం. మాలో ఒక కుటుంబం కాలనీలోనే ఉంటుంది. వాళ్ల ఇంటి ముందు రేకుల పందిరి ఉంది. నెలలో రెండు వారాలు అక్కడ, రెండు వారాలు మా ఇంట్లో కూడుకోవాలని నిర్ణయించాం. మొదటి కూడిక అక్కడే. వంట కూడా అక్కడే, అందరం చేస్తాం, అందరం తింటాం.

కాపరి గారూ, వేరుపడటం మా ఉద్దేశం కాదు. ఆదివారం ఉదయం మీలాంటి కాపరుల దగ్గరికి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు, మా కూడిక సాయంకాల ప్రార్థన. మీ తల్లుల్లా సొంత మాటల్లో ప్రార్థించడానికి మధ్యలో సమయం ఇస్తాం. బల్ల మాత్రం సొంతంగా పెట్టుకోం. రొట్టె కోసం ఎదురుచూడటం కష్టమే, అయినా ఆ కష్టంతోనే గురువును అడుగుతాం. ప్రెస్బిటర్ గారూ, బిషప్పు గారికి ఏమని రాయమంటారు?

రిటైర్డ్ ప్రెస్బిటర్

ముందు రెండు గంటల దూరంలో ఉన్న ఆ గుడి గురువు గారిని కలవండి. ఆయన్ని దాటి పైకి రాస్తే మొదటి రోజే మనస్పర్థ. కుటుంబాల పేర్లు, ఎవరెవరికి బాప్తిస్మం, నిర్ధారణ (బిషప్పు చేతులుంచి స్థిరపరచడం) అయ్యాయో రాసి, మీ కూడికను ఆ పాస్టరేట్ కింద చేర్చుకోమనండి. మూడు నెలలకోసారైనా వచ్చి సంస్కారం ఇమ్మని అడగండి, రానుపోను ఖర్చు మీరు పెట్టుకోండి. జస్టిన్ రాసినదాంట్లో కాపరి గారు చెప్పని మాట ఒకటుంది: రాలేకపోయినవాళ్లకు డీకన్లు (సంఘ పరిచారకులు) రొట్టె, పాత్ర తీసుకెళ్లి ఇచ్చేవారు. అలా మీ దగ్గరికి పంపే వీలుందేమో కూడా అడగండి, నిర్ణయం బిషప్పు గారిది.

మైకు మాత్రం పెట్టకండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్‌కు చట్టమే ఒప్పదు, పాతికమందికి పగలు కూడా అవసరం లేదు. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, ఆ రోజు భోజనానికి వాళ్లనూ పిలవండి.

నల్లమల యువకుడు

పందిరి కింద అయితే మా అమ్మను తీసుకుని నేను కూడా వస్తా. ఊరి పేరు మెసేజ్‌లో పంపండి.